పోటుకి ముందు బోణీ

తెల్లవారుజామున చెక్ ట్రే పైకి లాగితే వేసిన మేత వేసినట్టే ఉంది. రొయ్యల చెరువు చేసినవాళ్ళకి ఇంతకన్నా చెప్పనక్కర్లేదు. చేయనివాళ్ళ కోసం చెబుతాను. చెక్ ట్రే అంటే నాలుగు మూలలా తాళ్ళు కట్టిన వల పళ్ళెం. అందులో గుప్పెడు మేత పోసి నీళ్ళలోకి దించి, కాసేపాగి పైకి తీస్తాం. ఖాళీగా వస్తే రొయ్య తింటున్నట్టు, రొయ్య తింటే మనం తింటున్నట్టు. ఆ రోజు మేత నీళ్ళకి ఉబ్బి, నానిన రవ్వలా తెల్లబడి ఉంది.

గట్టు వారన నాలుగైదు రొయ్యలు దారి తప్పినట్టు ఈదుతున్నాయి. ఒంట్లో బాగున్న టైగర్ రొయ్య మనిషి నీడ పడితేనే చటుక్కున లోతుకి పోతుంది. ఇవి కదల్లేదు. వంగి చెయ్యి పెడితే చేతిలోకి వచ్చేశాయి. అంత సులభంగా చేతికి రావడమే చెడ్డ గుర్తు. ఒకదాని తల మీది డొప్ప ఒలిచి వెలుగుకి అడ్డం పెట్టి చూశాను. ఎవరో సున్నం చేత్తో చిలకరించినట్టు తెల్లటి చుక్కలు. తెల్లమచ్చ అంటారు, నీళ్ళతో పాకి చెరువుకి చెరువునే ఊడ్చేసే జబ్బు.

కాలవ అవతలి కొబ్బరిచెట్ల మీద కాకులు అప్పటికే వచ్చి కూర్చున్నాయి. ఏ చెరువులో రొయ్య పైకి తేలుతుందో వాటికి మనకన్నా ముందే తెలుస్తుంది.

అవి తొంభైల నడిమి సంవత్సరాలు. మా జిల్లాలో వరి చేలు తవ్వి చెరువులు చేస్తున్న కాలం. నేను రైతుని కాదు. పాలకొల్లు బజార్లో తాళ్ళూ మేకులూ బకెట్లూ అమ్మే కొట్టు మాది. రొయ్యలు వచ్చాక అదే కొట్లో ఒక వారన మేత బస్తాలూ, సున్నమూ, బ్లీచింగూ పెట్టి అమ్మాను. కొనేవాళ్ళ మొహాల్లో కళ చూసి ఆశ పుట్టి, నరసాపురం దాటాక ఉప్పుటేటి పక్కన ఒక చెరువు కౌలుకి తీసుకున్నాను. పదిమందికి మేత అమ్మి బాగుపడుతున్నవాడు, తనే మేత కొనుక్కునే దశకి దిగడాన్ని మా నాన్న తెలివి అనలేదు. ఆయన ఏమన్నాడో రాస్తే ఇంట్లో ఆడవాళ్ళు చదవరు.

బేరం మాత్రం నాకు నాన్న నేర్పిందే. ధర ముందు మనం చెప్పకూడదు, అవసరం మొహంలో కనపడకూడదు, కొనేవాడు మెట్టు దిగేదాకా పిలవకూడదు. ఒక్క బోణీ దగ్గర మాత్రం ఆయన ఈ ఆటలేవీ ఆడేవాడు కాదు. పొద్దున కొట్టు తీయగానే వచ్చిన మొదటి మనిషికి ఉన్న మాట ఉన్నట్టు చెప్పి, ఉన్న ధరకి ఇచ్చి పంపేవాడు. మొదటి మాటే అబద్ధమైతే ఆ రోజంతా నోరు తిరగదని ఆయన నమ్మకం. ఈ సంగతి కనిపెట్టిన ఆసామీ ఒకాయన ఉండేవాడు. తాడు కావాలన్నా గునపం కావాలన్నా మేం తలుపులు తీయకముందే వచ్చి అరుగు మీద కూర్చునేవాడు. నాన్నకి ఆయన్ని చూస్తే ఒళ్ళు మండేది. అయినా బోణీ కనక ధర నిజమే చెప్పేవాడు.

ఆ ఆసామీయే ఇప్పుడు ఉప్పుటేటి మీద నా పక్క చెరువాయన. నేను బాబాయిగారూ అని పిలిచేవాణ్ణి.

ఆ పొద్దున నా గుండెలు జారిపోవడానికి నా చెరువొక్కటే కారణం కాదు. మా రెండు చెరువులకీ నీళ్ళు ఒకే ఏటి పాయ నుంచి. పోటు వచ్చినప్పుడు తూము తీసి నీళ్ళు పెట్టుకోవాలి, సముద్రం వెనక్కి తీసే పాటు వేళ అడుగు నీళ్ళు వదలాలి. ముందు రోజు పాటుకి నేను నా చెరువు అడుగు నీళ్ళు పాయలోకి వదిలాను. అప్పటికి మేత బాగానే తింటున్నాయి, నాకే అనుమానమూ లేదు. పున్నమి దగ్గర పడింది, ఆ సాయంత్రం పోటు ఎత్తుగా వస్తుంది. బాబాయిగారు ఆ పోటుకే తూము తీసి చెరువు నింపుకోవాలని వారం నుంచి కాచుకుని ఉన్నాడు. నేను వదిలిన నీళ్ళు ఆ పోటుతో వెనక్కి వచ్చి సరాసరి ఆయన చెరువులోకి పోతాయి. ఆయన రొయ్య నాదానికన్నా పెద్దది, నిగనిగలాడుతోంది. ఇద్దరు కొడుకుల్ని వేరు పెట్టడానికి ఆ పంట మీదే కూర్చున్నాడు.

చెబితే నా చెరువు పోతుంది. రొయ్య కొనే కంపెనీ ఏజెంటు మర్నాడు వచ్చి చూసుకుని బేరం ముగిస్తానన్నాడు. తెల్లమచ్చ అనే మాట అతని చెవిన పడితే నా సరుకు చూసే దిక్కుండదు. చెప్పకపోతే ఆయన చెరువు పోతుంది. దీపాలు పెట్టే వేళలోపు ఏదో ఒకటి తేలాలి. ఇది నేను గట్టు మీద నిలబడి తేల్చుకోలేకపోయాను. మూడు రొయ్యల్ని ప్లాస్టిక్ కవర్లో కట్టి, ఐసు ముక్కలతో అన్నం క్యారేజీ అడుగు గిన్నెలో పెట్టుకుని స్కూటరెక్కాను.

క్యారేజీలో ఎందుకంటే, ఆ రోజు రాజమండ్రిలో మీటింగు ఉంది. మన దేశమూ, ఇంకో మూడు దేశాలూ కలిసి రొయ్యల రైతుల కోసం ఏదో పథకం పెడుతున్నాయని, ఊరూరి నుంచీ కొందరిని పిలిచారు. మేత అమ్ముతాడు, డిగ్రీ చదివాడు, ఇంగ్లీషు ముక్కలు వస్తాయని నన్ను కూడా ఎక్కించారు. ఆ మీటింగుకి రొయ్య జబ్బులు చూసే విదేశీ శాస్త్రవేత్త ఒకావిడ వస్తోందని విన్నాను. ఆవిణ్ణి చాటుగా పిలిచి చూపిద్దాం, ఇది అది కాదు అంటుందేమో, అని ఆశ. సరుకులో తప్పుంటే రెండో కొట్లో అడిగి చూద్దాం అనుకునే రకం మేం.

మా వైపు నుంచి ఆ మీటింగుకి పోతున్న ముగ్గురం కలిసి పాలకొల్లులో ఒక అంబాసిడరు మాట్లాడుకున్నాం. ముందు సీట్లో ఏజెంటు. వెనక బాబాయిగారు, నేను. నా ఒళ్ళో క్యారేజీ.

రొయ్య ఎంత చలువలో పెట్టినా తన సంగతి తను చెప్పుకుంటుంది. మార్టేరు దాటేసరికి ఐసు కరిగి గిన్నె అంచుల్లోంచి చుక్క చుక్కగా నా పంచె మీద పడుతోంది. పెనుగొండ దగ్గర ఏజెంటు ముక్కు ఎగబీల్చాడు. ఆ ముక్కు మామూలు ముక్కు కాదు. బుట్ట మూత తీయకుండానే సరుకు ఎప్పుడు పట్టారో చెప్పగలదు.

"ఏంటండీ, కార్లో రొయ్య వాసనొస్తోంది," అన్నాడు.

"మన ముగ్గుర్నీ పిండితే వచ్చేది అదేగా," అన్నాడు బాబాయిగారు.

డ్రైవరు కూడా నవ్వాడు. నేనూ నవ్వాను. నవ్వు బాగానే వచ్చిందనుకున్నాను గానీ, అద్దంలో ఏజెంటు కళ్ళు నా ఒళ్ళో క్యారేజీ మీద ఒక్క క్షణం ఆగడం చూశాను. సిద్ధాంతం వంతెన మీద గోదావరి గాలి కార్లోకి కొట్టినప్పుడు నేను దేవుడికి దణ్ణం పెట్టుకున్నది ఆ గాలి ఆగకూడదనే.

రావులపాలెంలో టీకి ఆపారు. అరటి గెలల లారీల వెనక్కి ఏజెంటు సిగరెట్టు కాల్చుకోవడానికి పోయాడు. నాకు దొరికిన సందు అదే. బాబాయిగారి పక్కన చేరి, ఇవాళ పోటుకి తూము తీయకపోతే బాగుంటుందేమోనండి అన్నాను.

ఆయన గ్లాసు చల్లార్చుకుంటూ నా వైపు చూశాడు. నేను ఏం అమ్మడానికి వచ్చానా అని చూసే చూపు అది. కారణం అడిగాడు. నీళ్ళు బాగున్నట్టు లేవన్నాను. నువ్వు పెట్టుకుంటున్నావా అన్నాడు. లేదన్నాను. నువ్వు పెట్టుకోవు, నన్నూ పెట్టుకోవద్దంటావు, నీకేం వస్తుందిరా ఇందులో అని ఆయన లెక్క వేసుకోవడం మొహంలో కనపడుతోంది. ఇక లాభం లేదని గొంతు తగ్గించి, నా చెరువులో తెల్లమచ్చ తేలింది బాబాయిగారూ అనేశాను.

ఆయన టీ చివరి గుక్క తాగి గ్లాసు బల్ల మీద పెట్టాడు.

"మీ నాన్న కొట్లో ముప్పై ఏళ్ళు తాడు కొన్నాను. నన్ను భయపెట్టి నీళ్ళు పెట్టుకోనీకపోతే నా రొయ్య డీలా పడుతుంది, ఏజెంటు దగ్గర ఎదురుబేరం లేకుండా నీది నువ్వు అమ్ముకోవచ్చు. అంతేగా?"

నేను ఒట్టు వేశాను. మా వీధి వాళ్ళ ఒట్లు ఆయనకి బాగా తెలుసు. తప్పు ఆయనది కాదు. పుట్టి బుద్ధెరిగాక నేను ఆయనతో మాట్లాడిన ప్రతి మాటా బేరమే. పోయిన నెలలో మేత దొరకడం లేదని భయపెట్టి బస్తాలు అంటగట్టింది నేనే. ఇప్పుడు నిజం చెబితే అది పాత సరుకు పక్కన పెట్టిన కొత్త సరుకులా, ఏ తేడా లేకుండా ఉంది. ఏజెంటు సిగరెట్టు పారేసి వస్తున్నాడు. నేను నోరు మూసుకున్నాను. ఒక మనిషి ఎదురుగా కూర్చుని, ఉన్నమాట చెప్పి, నమ్మించలేకపోవడం ఎంత భయంకరమో నాకు అప్పుడు తెలిసింది. జొన్నాడ దాటినా, కడియం నర్సరీల పూల మొక్కలు దాటినా నాకు ఏటి పాయలో నీళ్ళు పైకి లేస్తున్నట్టే అనిపిస్తోంది.

మీటింగు హాల్లో వేదిక మీద మన ఆఫీసరు ఒకాయన, ముగ్గురు విదేశీయులు. వాళ్ళ ఇంగ్లీషుని తెలుగు చేయడానికి ఒక కాలేజీ మాస్టారు. ఆయన తెలుగు విని నేను ఇంగ్లీషు వైపే చెవి పెట్టాను. విజ్ఞానాధారిత ఆర్థిక వ్యవస్థలో నవకల్పనల విధానానికి అంతర్జాతీయ సహకారం అన్నాడాయన ఒక్క ఊపిరిలో. నా ముందు వరసలో పెద్దాయన ఒకరు, ఆ వ్యవస్థ కిలో ఎంత పలుకుతుందండీ అని పక్కవాణ్ణి అడిగాడు.

విషయం మాత్రం చిన్నదే. రొయ్య పిల్లల్లో జబ్బు ముందే పట్టే పరీక్షా, ఆ పరీక్ష చేసే పద్ధతీ ఆ దేశాల దగ్గర ఉన్నాయి. మన దగ్గర చెరువులున్నాయి, చెరువుల్లో జబ్బులున్నాయి. ఎవరి చెరువులో జబ్బు తేలినా ఆ రోజే అందరికీ చెప్పే అలవాటు రైతులు చేసుకుంటే, ఆ సమాచారం నాలుగు దేశాలూ పంచుకుంటాయి, బదులుగా పరీక్షా పద్ధతి మనకి వస్తుంది. తెలివి అనేది ఇచ్చినకొద్దీ తరగని సరుకని వేదిక మీది తెల్లాయన చెప్పాడు. తరగని సరుకు కొట్లో పెట్టుకుంటే రెండోసారి కొనేదెవరు అని నాలోని కొట్టువాడు అనుకున్నాడు. అంత భయంలోనూ వాడు ఊరుకోడు.

కాసేపు విన్నాక నాకు ఒకటి అర్థమైంది. మన ఆఫీసరు ముందు పరీక్ష యంత్రం ఇమ్మంటున్నాడు. వాళ్ళు ముందు సమాచారం ఇమ్మంటున్నారు. రైతులు ముందు గిట్టుబాటు ధర మాట తేల్చమంటున్నారు. ఎంతో మర్యాదగా, ఎవరూ ముందు ధర చెప్పడం లేదు. మా పాలకొల్లు బజారే సూటూ బూటూ వేసుకుని వేదిక ఎక్కి కూర్చుంది. ఇంకో రోజైతే ఆనందించేవాణ్ణి. కిటికీలోంచి ఎండ నేల మీద జరుగుతున్నకొద్దీ పోటుకి ఇంకెంత టైముందో లెక్కపెట్టుకుంటున్నాను.

భోజనాల దగ్గర శాస్త్రవేత్తని పట్టుకున్నాను. తూర్పు దేశపు మనిషి, పొట్టిగా, కళ్ళజోడుకి తాడు కట్టుకుని ఉంది. చేతులు కడుక్కునే చోటికి పిలిచి క్యారేజీ విప్పాను. నన్ను చూసి ఏదో కానుక అనుకుని ముందు నవ్వింది. తరవాత కవరు తీసి, డొప్ప ఒలిచి, కిటికీ వెలుగుకి పెట్టి చూసింది. నేను గట్టు మీద చేసినట్టే చేసింది. ఆవిడ నవ్వు పోవడం చూశాను. పరీక్ష చేయకుండా ఖాయం చెప్పకూడదు, కానీ చెప్పక్కర్లేదు కూడా, అంది. నీళ్ళు చుక్క బయటికి వదలొద్దని, బ్లీచింగు కొట్టమని చెప్పి, ఆ నీళ్ళు ఇంకెవరు పెట్టుకుంటారని అడిగింది. నేను భోజనాల హాలు వైపు చూశాను. అక్కడ బాబాయిగారు వడ్డించేవాణ్ణి ఆపి ఇంకో గారె అడుగుతున్నాడు.

ఎప్పుడు అని అడిగింది. ఇవాళ సాయంత్రం అన్నాను.

ఆవిడ రొయ్యని కవర్లో పెట్టి మళ్ళీ నా చేతికే ఇచ్చింది.

మధ్యాహ్నం ఆవిడే మాట్లాడింది. మా తీరంలోనూ మొదట ఎవరూ చెప్పలేదు, మొదటివాడు చెప్పేనాటికి ఇక చెప్పడానికి ఎవరి చెరువులోనూ ఏమీ మిగల్లేదు అంది. మాస్టారు దాన్ని పెద్ద పెద్ద మాటల్లో పెడుతుండగానే ఆఫీసరు మైకు తీసుకుని, ఈ పద్ధతికి ఎవరో ఒకరు మొదలుపెట్టాలి కదండీ, మీలో ఎవరైనా ముందుకి వస్తారా అని అడిగాడు. ఎవరూ కదల్లేదు. అందరూ చేతులు కట్టుకుని, పక్కవాడు చెప్పాక చూద్దాంలే అన్నట్టు కూర్చున్నారు. మూడు వరసల అవతల ఏజెంటు కాలు మీద కాలు వేసుకుని మొహాలు చదువుతున్నాడు.

నేను ధైర్యంగా లేచానని రాసుకోవాలని ఉంది. ముందు కుర్చీ వీపు పట్టుకుని లేచాను. వేదిక వైపు చూడలేదు. బాబాయిగారి వైపు చూశాను.

"బోణీ నేను చేస్తానండి," అన్నాను. "నా చెరువులో తెల్లమచ్చ వచ్చింది. పొద్దున చూశాను. నిన్న నా నీళ్ళు పాయలోకి పోయాయి. బాబాయిగారూ, ఇది బోణీ మాటండి."

కవరు విప్పి మూడు రొయ్యల్నీ ముందు బల్ల మీద, తెల్లగుడ్డ మీద పెట్టాను. వాసన హాలంతా పరుచుకుంది. పొద్దున కార్లోది ఏమిటో ఇప్పుడు ఏజెంటుకి అర్థమైంది. బాబాయిగారు బల్ల దగ్గరికి రానేలేదు. రొయ్యల్ని చూడలేదు, నన్ను చూశాడు. తరవాత ఏజెంటుని చూశాడు. ఏజెంటు ఎదుట నా సరుకు నేనే పాడుచేసుకోవడం ఆయన చూశాడు. ముప్పై ఏళ్ళలో మా కొట్లో ఆయన చూడని దృశ్యం అదొక్కటే. కండువా భుజాన వేసుకుని పరుగులాంటి నడకతో బయటికి పోయాడు. అప్పటికే ఏజెంటు కుర్చీ ఖాళీగా ఉంది.

హాలు ఎదురుగా ఒకే ఒక ఎస్టీడీ బూతు. నేను వెళ్ళేసరికి రిసీవరు ఏజెంటు చేతిలో ఉంది. ధర పడగొట్టమని కంపెనీకి చెప్పాలి. ఊరూరా ఉన్న వాళ్ళ మనుషులకి చెప్పాలి. ఒక్క ఫోనుతో పోయే పని కాదది. అద్దం తలుపు బయట బాబాయిగారు నిలబడి తలుపు మీద కొడుతున్నాడు. ఏజెంటు లోపలి నుంచి వేలు చూపించాడు, ఆగండి అన్నట్టు. లైను కలవడం లేదు. అతను మళ్ళీ మళ్ళీ నంబరు తిప్పుతున్నాడు. ఇంకో బూతు ఎక్కడుందని బాబాయిగారు పక్కనున్న కిళ్ళీ బంకు వాణ్ణి అడిగితే, దేవీచౌక్ దాకా పోవాలన్నాడు. అక్కడా వరస ఉండదని ఎవరు చెప్పగలరు? ఆయన ఇంటికి ఫోను కలిస్తే, ఇంట్లోవాళ్ళు ఎవరినైనా సైకిలు మీద చెరువుకి పంపాలి. పోటుకి తీయమని ఆయన అప్పగించి వచ్చిన కాపలా మనిషి తూము తీయకముందు వీళ్ళు చేరాలి. ఆయన నుదుటి మీద చెమట కనుబొమల మీదుగా కారుతోంది. అంతటి మనిషి అద్దానికి మొహం ఆనించి, బాబూ ఒక్క నిమిషం అండి, ఒక్క నిమిషం, అని బతిమాలుతున్నాడు. నాకు అంతకన్నా భయంకరమైన దృశ్యం ఇంకోటి గుర్తులేదు.

నేను తలుపు తోసుకుని లోపలికి దూరాను. ఇద్దరు పట్టే చోటు కాదది. ఏజెంటు మొహం నా మొహానికి జానెడు దూరంలో ఉంది. నా చెరువు సరుకు రేపు పొద్దునే పట్టిస్తానన్నాను. ఆ జబ్బు రొయ్యకే గానీ తినే మనిషికి రాదని అతనికీ తెలుసు, నాకూ తెలుసు. కొనేవాళ్ళు ఉంటారు. ధర ఒక్కటే ప్రశ్న. అతను రిసీవరు చెవికి ఆనించుకునే, చెప్పండి ఎంతకిస్తారు అన్నాడు.

"మీరు ఎంతంటే అంత. ఫోను ఆయనకివ్వండి."

ఆ మాట మా వంశంలో ఎవరూ అని ఉండరు. ఏజెంటు కూడా దాన్ని ఒక పట్టాన నమ్మలేదు. వెనక ఏదో మెలిక ఉందని కాసేపు నా కళ్ళలో వెతికాడు. మెలిక దొరకలేదు. ఒక ధర చెప్పాడు. అది ధర కాదు, చెంపదెబ్బ. సరే అన్నాను. అతను రిసీవరు బల్ల మీద పెట్టి బయటికి వచ్చాడు.

బాబాయిగారికి రెండో ప్రయత్నంలో లైను కలిసింది. కోడలు ఎత్తింది. ఆయన కంగారులో అంతా ఒకేసారి చెప్పబోయి, ఏదీ చెప్పలేక, తూము, తూము అంటున్నాడు. నేను పక్క నుంచి చెప్పాను. పెద్దవాణ్ణి పంపమ్మా, పలకలు దించేయమను, సందుల్లో మట్టి కొట్టమను, నీళ్ళు చుక్క రాకూడదు. ఆ అమ్మాయి నెమ్మదిగా, సరేనండీ అంది. ఎందుకని అడగలేదు. ఫోను పెట్టేశాక కూడా ఆయన చెయ్యి రిసీవరు మీదే ఉంది.

తిరుగు ప్రయాణంలో ముందు సీటు ఖాళీ. ఏజెంటు రాజమండ్రిలోనే ఉండిపోయాడు, అతనికి బోలెడు ఫోన్లు. హాల్లో మిగతా రైతులు నన్ను చూసిన చూపులు నాతో కార్లోకి వచ్చాయి. నా మాటతో ఆ వారం అందరి ధరా పడుతుందని వాళ్ళకి తెలుసు. ఆఫీసరు మాత్రం నా చెయ్యి ఊపి, ఇదే కావాలండి మాకు, ఇదే సహకారం అంటే, అని మెచ్చుకున్నాడు. శాస్త్రవేత్త నా మూడు రొయ్యల్నీ సీసాలో పెట్టి తీసుకుపోయింది. మన సమాచారం అలా సముద్రం దాటింది. బోణీ కనక దానికి ధర అడగలేదు.

దారంతా బాబాయిగారు వంతెన వచ్చినప్పుడల్లా కిటికీలోంచి నీళ్ళ ఎత్తు చూస్తున్నాడు. గోదావరిలో చూస్తే ఉప్పుటేటి సంగతి తెలియదని ఆయనకీ తెలుసు. అయినా నేనూ చూశాను.

మేం చేరేసరికి ఇంకా కాస్త వెలుగుంది. పాయ నిండుగా, చప్పుడు లేకుండా పొంగుతోంది. తూము పలకలు దించి ఉన్నాయి. పెద్ద కొడుకు మోకాలి లోతు బురదలో నిలబడి ఉన్నాడు. పలకకి అవతల నీళ్ళు ఇవతలి కన్నా మూరెడు ఎత్తున ఉన్నాయి. కింది పలక సందులోంచి మాత్రం వేలెడు లావున ధార లోపలికి కారుతోంది. మేమిద్దరం కూడా పంచెలు ఎగ్గట్టి దిగాం. బంకమట్టి ముద్దలు చేసి నొక్కుతుంటే నీళ్ళు వేళ్ళ మధ్య నుంచి తోసుకొస్తున్నాయి. ఎప్పటికో ఆగింది. అప్పటికి ఎంత నీరు లోపలికి పోయిందో, అది ఎవరి నీరో చెప్పేవాళ్ళు లేరు. ఆ పరీక్ష చేసే యంత్రం ఇంకా బేరంలోనే ఉంది.

గట్టెక్కాక చేతులు కడుక్కుంటూ బాబాయిగారు అడిగాడు.

"బూతులో ఎంతకిచ్చావురా?"

చెప్పాను.

"మీ నాన్నకి చెప్పకు," అన్నాడు.

మర్నాడు నా చెరువులో రొయ్య పట్టేశారు. బ్లీచింగు కొట్టి తూము మూసేశాను. ఇక అక్కడ నాకు చూసుకోవడానికి ఏమీ లేదు. అయినా రోజూ తెల్లారకముందే స్కూటరేసుకుని వెళ్ళేవాణ్ణి. నా చెరువు వైపు తల తిప్పకుండా, ముందు ఆయన చెరువు పక్కనున్న కొబ్బరిచెట్ల తలలు చూసేవాణ్ణి. చూడ్డానికి ముందు ఒక్క క్షణం కళ్ళు మూసుకునేవాణ్ణి. అప్పటికే ఆయన గట్టు మీద, చెక్ ట్రే తాడు చేత్తో పట్టుకుని, పైకి లాగకుండా నిలబడి ఉండేవాడు. నేను చెట్లు చూసి, కాకులు లేవండీ అనేదాకా లాగేవాడు కాదు.

ఆయన రొయ్య పట్టుబడి రోజున చివరి బుట్ట కాటా మీదికి ఎక్కాక కూడా, ఆయన చెట్ల వైపు చూసి, ఇంకోసారి చూడవోయ్ అన్నాడు.